చీటీ లేకుండా అడిగే మందు

మందుల షాపాయన: సిస్టర్, విరేచనాల మందు చీటీ లేకుండా ఇవ్వడం నాకు మొదట్నించీ ఇష్టం లేదు. జ్వరం మాత్ర కొన్నవాళ్లు జ్వరం తగ్గాక దాని ఊసెత్తరు. ఇది అలా కాదు. మొదట రెండు మాత్రలు తీసుకెళ్తారు. తర్వాత అట్ట మొత్తం ఇమ్మంటారు. ఇంకొన్నాళ్లకు ‘ఒకటి పనిచెయ్యట్లేదు, రెండు వేసుకోవచ్చా’ అని అడుగుతారు. అసలు మలబద్ధకం ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ చూసి ఉండడు. బిసాకోడిల్ మాత్రలైనా, సునాముఖి చూర్ణమైనా పిప్పరమెంట్లలా చెల్లిపోతున్నాయి. అమ్మి డబ్బు తీసుకునేవాణ్ణి నేనే అయినా చెబుతున్నాను, దీనికి ఎక్కడో ఒకచోట అడ్డు ఉండాలి.

నర్సమ్మ: అన్నయ్య గారూ, మీరు చూసేది షాపు దాకా నడిచొచ్చినవాళ్లని. నేను చూసేది మంచం దిగలేనివాళ్లని. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఎముక విరిగినవాళ్లు, కేన్సర్ నొప్పికి మార్ఫిన్ మీద ఉన్నవాళ్లు. మార్ఫిన్ మొదలెట్టగానే వచ్చే మత్తు, వాంతులు చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు, ఆ మందు వాడినన్నాళ్లూ ఉంటుంది. అందుకే మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనాల మందు కూడా రాస్తారు. ఇంటివాళ్లు ఆ రెండోదాన్ని పక్కన పెట్టేస్తారు. ‘అలవాటైపోతుందట, పేగులు మొద్దుబారిపోతాయట’ అంటారు. వారం తిరిగేసరికి ఆ మనిషి అన్నం ముట్టడు, పొట్ట బిగిసిపోతుంది, వాంతులు మొదలవుతాయి. ఆఖరికి నొప్పి మందే వద్దంటాడు. కేన్సర్ నొప్పినైనా ఓర్చుకుంటా గానీ ఈ బాధ పడలేనంటాడు. విరేచనాల మందు మీద మనం పెంచిన భయం అంతదూరం వెళ్తుంది.

మందుల షాపాయన: మార్ఫిన్ వాడేవాళ్ల దగ్గర నాకు పేచీ లేదు. నా పేచీ మిగతావాళ్లతో. ఒక రాత్రి రెండు మాత్రలు వేసుకుంటారు, తెల్లారేసరికి పెద్దపేగు చాలావరకు ఖాళీ అవుతుంది. అది మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పట్టాలి కదా. మర్నాడు మోషన్ కాకపోతే అది జబ్బు కాదు, బయటికి రావడానికి లోపల ఏమీ లేదు. ఆ సంగతి వాళ్లకు తెలీదు. ‘మళ్లీ బిగిసిపోయింది’ అని ఆ రాత్రి మళ్లీ వేసుకుంటారు. అలా వేసుకుంటూ పోతే పేగుకు తనంతట తాను పనిచేసే అవకాశమే రాదు. అలవాటు అంటే నేననేది ఇదే. సారాకీ పొగాకుకీ అలవాటు పడ్డట్టని నేను అనట్లేదు.

నర్సమ్మ: మీరు చెప్పింది నిజం. మందు ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పాలి: మర్నాడు కాకపోయినా కంగారు పడొద్దు, రెండు మూడు రోజులు ఆగొచ్చు అని. రోజుకు మూడుసార్లు అయినా, వారానికి మూడుసార్లు అయినా మామూలే. మనవాళ్లు తెల్లారగానే కాకపోతే రోజంతా పాడైందనుకుంటారు. కానీ దాన్నిబట్టి పేగులు చెడిపోతాయనడం మాత్రం సరికాదు. ఆ భయం పాత కాలంలో, ఇప్పుడు వాడుకలో లేని ఘాటు మందులు ఏళ్ల తరబడి మింగినవాళ్లను చూసి పుట్టింది. మలబద్ధకం మీద ఉన్న అపోహలను 2005లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో నిపుణులు ఒక్కొక్కటే తీసి పరిశీలించారు. సరైన మోతాదులో వాడితే బిసాకోడిల్, సునాముఖి లాంటి ఉత్తేజక మందులు పేగు నరాలను పాడుచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదన్నారు. 2023లో అక్కడి జీర్ణకోశ వైద్యుల సంఘాలు రెండు కలిసి సూచనలిచ్చాయి. వాటిలో పాలిఎథిలీన్ గ్లైకాల్ పొడిని గట్టిగా సిఫారసు చేశారు. బిసాకోడిల్‌ను కొద్ది వారాలకో, అవసరం పడినప్పుడో వాడుకోమన్నారు. సునాముఖి ఎక్కువకాలం వాడినవాళ్లకు కొలనోస్కోపీ చేస్తే పేగు లోపల గోధుమ రంగు, నలుపు కనిపిస్తుంది, చూసి హడలిపోతారు. మందు మానేస్తే కొన్ని నెలల్లో ఆ రంగు పోతుంది. అది కేన్సర్ కాదు.

మందుల షాపాయన: సరే, పేగు మాట వదిలేద్దాం. నా భయం రక్తం గురించి. మాకు అలవాటుగా వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. బీపీకి ఒక మాత్ర, గుండె బలహీనమని నీరు పోవడానికి ఫ్యూరోసమైడ్, దాంతోపాటు డిజాక్సిన్. ఇవన్నీ చీటీ మీద కొంటాడు. వాటి పక్కనే చీటీలో లేని విరేచనాల మాత్రలు అడుగుతాడు. ఫ్యూరోసమైడ్ మూత్రంలో పొటాషియం పోగొడుతుంది, విరేచనాలు ఎక్కువైతే అటునుంచీ పోతుంది. రక్తంలో పొటాషియం తగ్గిపోతే డిజాక్సిన్ విషంలా పనిచేసి గుండె లయ తప్పుతుంది. ఆయన మాత్రం ‘కాళ్లు లాగుతున్నాయి, నీరసంగా ఉంది, ఒక బి-కాంప్లెక్స్ ఇవ్వు’ అంటాడు. నేనేం చెయ్యను? ఆయన డాక్టరుకు ఈ మాత్ర సంగతి తెలీదు. విరేచనాల మాత్రను మందు కింద లెక్కేసుకుని డాక్టరుకు చెప్పే మనిషి మా ఊళ్లో లేడు.

నర్సమ్మ: ఈ ఒక్క విషయంలో మీ పక్కన నిలబడతాను. పొటాషియం, సోడియం, నీళ్లు, ఈ మూడూ పోవడం విరేచనాల మందుల అసలు ప్రమాదం. అది మందు పేరును బట్టి కాదు, విరేచనాలు ఎంత పల్చగా, ఎన్నిసార్లు అవుతున్నాయన్న దాన్ని బట్టి వస్తుంది. నేను ఇళ్లకు వెళ్లినప్పుడు చూసేది అదే. మెత్తగా, రూపు ఉన్న మోషన్ రోజుకొకటి, రెండు అవుతుంటే మోతాదు సరిపోయినట్టు. నీళ్లలా అవుతుంటే ఆ రోజు మందు ఆపెయ్యమంటాను, తర్వాత సగం మోతాదుతో మొదలుపెట్టమంటాను. నోరు ఎండిపోవడం, లేవగానే కళ్లు తిరగడం, మూత్రం తగ్గి ముదురు రంగులో రావడం, పిక్కలు పట్టెయ్యడం, గుండె దడ. వీటిలో ఏది కనబడినా మందు ఆపి రక్త పరీక్ష చేయించాలి. ఓఆర్ఎస్ తాగమని అందరికీ చెప్పేస్తాం గానీ, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నీళ్లకూ ఉప్పుకూ లెక్క ఉంటుంది. వాళ్లు డాక్టర్ని అడక్కుండా లీటర్లకు లీటర్లు తాగకూడదు. ఇంకొకటి, రాత్రి మాత్ర వేసుకున్న ముసలివాళ్లు తెల్లవారుజామున తొందరగా లేచి బాత్రూమ్‌లో పడిపోతారు. దారిలో లైటు, గోడకు పట్టుకునే కడ్డీ ఉంటే చాలా తుంటి ఎముకలు మిగులుతాయి.

మందుల షాపాయన: ఇదంతా మీరు మంచం పక్కన కూర్చుని చెప్పగలరు. కౌంటర్ దగ్గర వెనక నలుగురు నిలబడి ఉంటారు. పైగా ఒక్కో మందుకు ఒక్కో తిరకాసు. ‘ఇసబ్గోల్ అయితే ఏమీ కాదు, పొట్టే కదా’ అని పట్టుకుపోతారు. గుజరాత్, రాజస్థాన్ పొలాల్లో పండే గింజ పైపొట్టు అది, నిజమే, మందులా అనిపించదు. గ్లాసు నిండా నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పైన ఇంకొన్ని నీళ్లు తాగాలి. ఒకావిడ చెంచా పొడి నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్లు తాగి పడుకుందట. అది గొంతులోనే ఉబ్బి అడ్డం పడింది. అదృష్టం బాగుండి బయటపడింది. మింగడం కష్టమైనవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు అసలివ్వకూడదు. పైగా వేరే మాత్రలతో కలిపి మింగితే వాటిని ఒంటికి పట్టనివ్వదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. బిసాకోడిల్ మాత్రకు పైన పూత ఉంటుంది, అది పేగులోకి వెళ్లాక కరగాలి. పాలతోనో, గ్యాస్ మందుతోనో వేసుకుంటే పొట్టలోనే కరిగి మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. రాత్రి పాలతో మాత్ర వేసుకోవడం మనవాళ్ల పద్ధతి. ఇవన్నీ పెట్టె మీద అంత చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ఎవరు చదువుతారు?

నర్సమ్మ: చదవలేకపోతే చెప్పాలి గానీ, మందే దాచేస్తే ఎలా? చాలా బాధలకు మోతాదే మందు. లాక్టులోజ్ సిరప్పు సంగతి చూడండి. అది ఒంటికి పట్టదు, నేరుగా పెద్దపేగుకు వెళ్లి అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది, నీటిని లాగుతుంది. పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది. మొదటి రోజే నిండు మోతాదు వేస్తే పొట్ట ఉబ్బరం, గుడగుడలు. మూడో రోజుకు సీసా అటక ఎక్కుతుంది. నేను తక్కువతో మొదలెట్టి రెండు మూడు రోజులకోసారి పెంచమంటాను. అది పనిచెయ్యడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది, రాత్రి తాగి పొద్దున్నే కాలేదనుకోకూడదు. తియ్యగా ఉంటుందని షుగరున్నవాళ్లు భయపడతారు. మామూలు మోతాదుకు పెద్ద ఇబ్బంది ఉండదు. లివర్ జబ్బు వాళ్లు ఎక్కువ మోతాదులో వాడేటప్పుడు షుగరు చూసుకోవాలి. ఆ లివర్ జబ్బు వాళ్లకైతే ఈ సిరప్పు మానడమే ప్రమాదం. మోషన్ సరిగా కాకపోతే వాళ్లకు మతి తప్పి స్పృహ పోయేదాకా వస్తుంది. ‘విరేచనాల మందు ఎక్కువ వాడకూడదట’ అని సొంతంగా మానేసి ఆస్పత్రి పాలైనవాళ్లను చూశాను.

మందుల షాపాయన: అదే చేత్తో కిడ్నీ జబ్బు వాళ్లను కూడా చూసి ఉంటారు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఎంత తెల్లగా, చల్లగా, సాధువుగా కనిపిస్తుందో. కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకు ఆ మెగ్నీషియం బయటికి పోదు. మగత, కండరాల నీరసం, గుండె నెమ్మదించడం దాకా వెళ్తుంది. ఫాస్ఫేట్ ఎనిమా కూడా అంతే, ముసలివాళ్లకూ కిడ్నీ రోగులకూ ఇష్టమొచ్చినట్టు ఇచ్చేది కాదు. 2014లో అమెరికా ఔషధ సంస్థ, 24 గంటల్లో ఒక్క మోతాదు మించి సోడియం ఫాస్ఫేట్ వాడొద్దని ప్రత్యేకంగా హెచ్చరించాల్సి వచ్చింది.

నర్సమ్మ: ఇళ్లలో ఉన్న ఆముదం సీసా గురించి కూడా చెప్పుకుందాం, అది మీ దగ్గర కొనేది కాదు. పసిబిడ్డకు నెలకోసారి ఆముదం పట్టి కడుపు కడగడం ఇప్పటికీ ఉంది. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు పట్టుకుని, ఏడుస్తుంటే నోట్లో పోస్తారు. ఏడ్చే బిడ్డ నోట్లో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె వల్ల వచ్చే నిమోనియా మామూలు మందులకు లొంగదు. లోపలికి పోయిందనుకున్నా, ఆముదం చిన్నపేగులో విడిపోయి పేగును మెలితిప్పి ఖాళీ చేయిస్తుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉన్న నీళ్లెన్ని? నాలుగు విరేచనాలకే కళ్లు లోపలికి పోతాయి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు కొన్ని రోజులు మోషన్ కాకపోవడం జబ్బు కాదు. గర్భిణికి ఆముదం ఇస్తే గర్భసంచి బిగిసే ప్రమాదం ఉంది. ఐరన్ మాత్రల వల్ల ఆవిడకు మలబద్ధకం వస్తే ఇసబ్గోల్, లాక్టులోజ్ లాంటివి డాక్టరు ఇస్తారు. ఇవన్నీ పెద్దవాళ్లు ప్రేమతో చేసేవే, అందుకే వద్దని చెప్పడం చాలా కష్టం. మందుల షాపు మూసేస్తే వీళ్లంతా ఆముదానికే పోతారు, అన్నయ్య గారూ.

మందుల షాపాయన: ఆముదం మానమని నేనంటే, మాత్ర అమ్ముకోవడానికి అంటున్నాడంటారు. చెట్టు మందుకు దోషం ఉండదని మనవాళ్ల నమ్మకం. సునాముఖి ఆకే కదా అంటారు. తిరునల్వేలి వైపు పండే ఆ ఆకులోని సారాన్నే పెద్ద కంపెనీలు మాత్ర చేసి అమ్ముతున్నాయి. చూర్ణమైతే ఒక చెంచాలో ఎంత సారం ఉందో కూడా తెలీదు. బరువు తగ్గిస్తాయని చెప్పే టీ పొట్లాల్లో కొన్నింటిలో ఉండేదీ అదే ఆకు. కాలేజీ ఆడపిల్లలు అడుగుతారు. తిన్న అన్నంలోని శక్తి చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది, ఈ మందు పనిచేసేది పెద్దపేగు మీద. కాటా మీద తగ్గేది నీళ్ల బరువు. ఒక పిల్ల రోజూ వేసుకుంటోందని తెలిసి ఇవ్వనన్నాను. పక్క షాపుకు వెళ్లింది. ఇక అన్నిటికన్నా నాకు దడ పుట్టించేది కడుపునొప్పి. ‘నిన్నట్నించి కడుపునొప్పి, మోషన్ కాలేదు, గట్టిది ఒకటివ్వు’ అంటారు. అది అపెండిక్స్ కావచ్చు, పేగు మెలిపడి ఉండొచ్చు. నొప్పితోపాటు వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం, పొట్ట ఉబ్బిపోవడం ఉంటే విరేచనాల మందు ముట్టుకోకూడదు. వేసుకుంటే లోపల పగిలిపోయే ప్రమాదం ఉంది. నా చేత్తో ఇచ్చిన మాత్రకు ఒక ప్రాణం పోతే ఎవరు అడిగినా అడక్కపోయినా నాకు నిద్ర పట్టదు.

నర్సమ్మ: అలాంటివాళ్లకు ఇవ్వకండి, ఆస్పత్రికి పంపండి. అందులో రెండో మాట లేదు. దానికి తలకిందులైన సంగతి ఒకటి నేను చూస్తుంటాను. మంచాన ఉన్న ముసలమ్మకు పది రోజులు మోషన్ కాదు. మలం గట్టిగా ఉండకట్టి దారి మూసేస్తుంది. దాని పక్కనుంచి పల్చటి నీళ్లు కారుతుంటాయి, బట్టలు పాడవుతుంటాయి. కోడలు వచ్చి ‘అత్తమ్మకు విరేచనాలు’ అంటుంది. మీలాంటి జాగ్రత్తపరులు విరేచనాలు కట్టే మాత్ర ఇస్తారు. ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. డాక్టరు వేలితో పరీక్ష చేస్తే నిమిషంలో తెలిసిపోయేది. ఆవిడకు కావలసింది విరేచనాల మందే, లేదా వెనకనుంచి మెల్లగా తీయడం. అలాంటి ఇళ్లలో విరేచనాల మందు ఎక్కువై చెడిపోయినవాళ్ల కన్నా, తక్కువై, సిగ్గుపడి, భయపడి చెడిపోయినవాళ్లే నాకు ఎక్కువ తగిలారు.

మందుల షాపాయన: ముందు తిండి, నీళ్లు సరిచేసుకోమని చెప్పకుండా మాత్ర దాకా ఎందుకు రావాలి? ఆకుకూరలు, గోరుచిక్కుడు, జామకాయ. పొద్దున టిఫిన్ తిన్నాక పేగు తనంతట తానే కదులుతుంది. ఆ పూట పావుగంట కూర్చుంటే చాలు. కమోడ్ వాడేవాళ్లు కాళ్ల కింద పీట వేసుకుంటే కింద కూర్చున్నట్టే అవుతుంది. ఖర్చు లేని వైద్యం.

నర్సమ్మ: నడిచే మనిషికి చెప్పండి, దణ్ణం పెట్టి ఒప్పుకుంటాను. పళ్లూడిపోయిన డెబ్భై ఐదేళ్ల ఆవిడకు గోరుచిక్కుడు ఎలా పెడతారు? మోకాళ్లు వంగవు. మరుగుదొడ్డి పెరట్లో ఉంది, రాత్రి తీసుకెళ్లేవాళ్లు లేరని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. అలాంటివాళ్లకు పీచు ఎక్కువ పెడితే కదలని పేగులో అది ఇంకా పేరుకుపోతుంది. మార్ఫిన్ మీద ఉన్నవాళ్లకు ఇసబ్గోల్ కూడా వద్దంటారు అందుకే. ‘కూరలు తిను, నీళ్లు తాగు’ అని చెప్పి పంపించడం ఆవిడ తప్పని చెప్పినట్టే ఉంటుంది. పాలిఎథిలీన్ గ్లైకాల్ పొడి రోజూ నీళ్లలో కలుపుకుని తాగితే ఆవిడ బతుకు మారిపోతుంది. ఏళ్లు వాడాల్సి రావచ్చు, రానీండి. బీపీ మాత్ర ఏళ్లు వాడితే అలవాటు పడ్డావని ఎవరూ అనరు కదా.

మందుల షాపాయన: బీపీ మాత్రకు చీటీ ఉంది, మూణ్ణెల్లకోసారి చూసే డాక్టరున్నాడు. తేడా అదే. కాళ్ల వాపుకు, బీపీకి రాసే మాత్రల్లో కొన్ని, కాల్షియం, ట్రామడాల్, కొన్ని గ్యాస్ మందులు, ఇవే మలబద్ధకం తెస్తాయి. థైరాయిడ్ తగ్గినా వస్తుంది. యాభై దాటాక కొత్తగా మొదలైతే, మలంలో రక్తం పడితే, బరువు తగ్గుతుంటే, రక్తం తక్కువైతే పెద్దపేగు కేన్సరేమో చూడాలి. నా మాత్ర ఆ కబురును కొన్ని నెలలు దాచిపెడుతుంది. అడిగి తెలుసుకోమంటారా? ‘మలంలో రక్తం పడుతోందా అమ్మా’ అని పదిమంది ముందు నేనడిగితే ఏ ఆడమనిషి జవాబు చెబుతుంది? తల అడ్డంగా ఊపి మాత్ర తీసుకుని పోతుంది.

నర్సమ్మ: అది మీ తప్పూ కాదు, ఆవిడ తప్పూ కాదు. అడగడానికి ఒక చోటు లేదు. ఆశా అమ్మాయిలు, ఏఎన్ఎంలు బీపీ, షుగరు అడిగినట్టు ఇదీ అడిగితే చాలా తేలుతుంది. అప్పటిదాకా మీరు కవరు మీద తెలుగులో రాయండి. నొప్పి, వాంతులు ఉంటే వెయ్యొద్దని, నీళ్లలా అయితే ఆపమని, రెండు వారాలు దాటితే డాక్టర్ని కలవమని.

మందుల షాపాయన: రాస్తూనే ఉన్నాను. అయితే ఎన్ని ఇవ్వాలో తేల్చండి. పనికి పోయే కూతురు తల్లి కోసం అట్ట అడుగుతుంది. తల్లి నా ఎదుట లేదు. నేను నాలుగు మాత్రలే ఇస్తాను.

నర్సమ్మ: నాలుగు ఇస్తే ఆ కూతురు వారానికి రెండుసార్లు రావాలి. రాలేని వారం ఆవిడ పడే బాధ మీ లెక్కలో లేదు.

మందుల షాపాయన: అట్ట మొత్తం ఇస్తే, కడుపునొప్పి వచ్చిన రాత్రి ఆవిడ దగ్గర ఉండేది ఆ అట్ట ఒక్కటే. కవరు మీద నేను రాసింది చదవడం ఆవిడకు రాదు.

నర్సమ్మ: ఆ ఒక్క రాత్రి కోసం మిగతా రాత్రులన్నీ ఆవిడను ఇబ్బంది పెడతామా? నేనైతే పొడి డబ్బా ఇస్తాను, మాత్రల అట్ట కాదు.

మందుల షాపాయన: మాత్ర కొన్ని రూపాయల్లో వస్తుంది, పొడి డబ్బా కొన్ని వందలు. ఆ కూతురు ఏది కొంటుందో నాకు తెలుసు, సిస్టర్.